అత్తమ్మ అడిగిన ఎడారి

1990 జూన్ 11, సోమవారం. ఎల్లారెడ్డి

వహీద్ కువైట్ నుంచి పంపిన పెట్టె వచ్చింది. సెలవు మీద ఇంటికి వస్తున్న బాన్సువాడ ఆయన ఎవరో తెచ్చి అరుగు మీద పెట్టి, చాయ్ కూడా తాగకుండా వెళ్ళిపోయాడు. అప్పటికే పక్కింటి గంగామణక్క గోడ మీద నుంచి మెడ సాచి చూస్తోంది. కుట్టుమిషన్ అని మా అత్తమ్మ, మిక్సీ అని ఆమె వాదులాడుకున్నారు. నేను మాత్రం చీరలు ఉంటాయనుకున్నాను.

విప్పితే కంప్యూటర్.

తల తీసేసిన టైపు మిషన్‌లా ఉంది. మీటల మీద ఒక మూల ఇంగ్లీషు అక్షరం, ఇంకో మూల అరబీ అక్షరం. తెర లేదు, మన టీవీకే తగిలించుకోవాలట. వహీద్ పనిచేసే దుకాణం గోదాములో పాత మోడల్ అని మూలన పడేస్తే యజమానిని అడిగి తీసుకున్నాడట. వెంట ఒక చిట్టీ. "నీకు లెక్కలంటే ఇష్టమన్నవు గదా."

అన్నానా? పెళ్ళయ్యాక మేము కలిసి ఉన్నది నాలుగు నెలలు. తర్వాత రెండేళ్ళుగా ఆయన అక్కడ, నేనూ అత్తమ్మా ఇక్కడ. ఆ నాలుగు నెలల్లో ఎప్పుడో, కామారెడ్డిలో ఇంటర్ ఎంపీసీ చదివానని చెప్పి ఉంటాను. గుర్తు పెట్టుకున్నాడు.

ఆయన గురించి నాకు ఏమేం గుర్తున్నాయో రాద్దామని కూర్చున్నాను. వంకాయ తినడు. నవ్వేముందు ముక్కు రుద్దుకుంటాడు. ఇంకా చాలా ఉన్నాయి. రేపు రాస్తాను.

జూన్ 12

వంట పని ఎక్కువగా ఉంది. రాయడం కుదరలేదు.

జూన్ 17, ఆదివారం

నిన్న మధ్యాహ్నం మిషన్‌ను టీవీకి తగిలించాను. నీలం తెర మీద నాలుగు ఇంగ్లీషు ముక్కలు వచ్చాయి. కింద ఒక తెల్ల గడి, నేనేదో చెప్తానన్నట్టు నిలబడి ఉంది. ఏం చెప్పాలో తెలియక 'రఫియా' అని నా పేరు కొట్టాను.

'సింటాక్స్ ఎర్రర్' అంది.

"ఏమంటున్నదే?" అని అడిగింది అత్తమ్మ.

"నేను తప్పంట, అమ్మీ."

"ఇన్నొద్దులకు నా దిక్కు మాట్లాడేది ఒకటి వచ్చింది ఇంట్ల" అంది సంబరంగా.

ఇవాళ పొద్దున మాత్రం ఆ సంబరం పోయింది. ఆదివారం సీరియల్ కోసం వాడంతా మా ఇంట్లోనే కూర్చుంటారు. నిన్న నేను ఏ మీట ఎంత తిప్పానో గాని, తెర నిండా చీమలు. గంగామణక్క పోచారం నుంచి వచ్చిన చుట్టాలను కూడా వెంటబెట్టుకొని వచ్చింది. బొమ్మ వచ్చేసరికి సీరియల్ అయిపోయి సబ్బు ప్రకటన నడుస్తోంది. చుట్టాలు ఆ సబ్బునే శ్రద్ధగా చూసి వెళ్ళారు.

జూలై 6, శుక్రవారం

ఇన్నాళ్ళూ మిషన్‌తో వచ్చిన పుస్తకం చూసి కొడుతున్నాను. నా పేరును తెర పొడవునా వందసార్లు రాసింది. వృత్తాలు గీసింది. అంతా చెప్పింది చెప్పినట్టే చేస్తుంది. కొంచెం విసుగు పుట్టింది కూడా.

ఇవాళ పెట్టె పారేద్దామని చూస్తే, మిషన్ అదరకుండా కుక్కిన కాగితాల్లో ఒక ఇంగ్లీషు పత్రిక పేజీ దొరికింది. కంప్యూటర్ చేత కొండలు పుట్టించడం ఎలాగో రాశారు. కింది సగం చిరిగిపోయింది. ప్రోగ్రాం ఆ సగంలోనే ఉంది.

ఉన్న సగంలో అర్థమైంది ఇది. కొండను మనం గీయకూడదట. తెర మీద ఒక అడ్డగీత పెట్టి, దాని నడిమి చుక్కను పైకో కిందికో జరపాలి. ఎంత జరపాలో మనం చెప్పం, మిషనే గుడ్డిగా ఒక అంకె ఎత్తుకుంటుంది. ఇప్పుడు గీత రెండు ముక్కలైంది కదా, ఒక్కో ముక్కకు మళ్ళీ నడిమి చుక్క, మళ్ళీ జరపడం. అట్లా ముక్కలు చేసుకుంటూ పోతే చివరికి కొండ అవుతుందట.

ఏ కొండ వస్తుందో రాసినవాళ్ళకే తెలియదట! అన్నం కింద మంట తగ్గించడం మరిచిపోయాను.

జూలై 9

కొట్టాను. నడిపించాను. గంగామణక్క వచ్చి చూసి, "ఏదుపందిని మంచిగ గీసినవ్, రఫియా" అని మెచ్చుకుంది.

నిజంగానే ముళ్ళన్నీ నిక్కబొడుచుకొని ఉన్నాయి.

జూలై 14

తప్పు దొరికింది! ముక్క చిన్నదవుతున్నప్పుడు జరిపే ఎత్తును కూడా తగ్గించుకుంటూ రావాలి. పెద్ద ఎగుడుదిగుళ్ళు ముందు, సన్నవి తర్వాత. నేను చివరి దాకా పెద్ద ఎగుర్లే ఎగిరించాను. చిరిగిన సగంలో ఆ మాట ఉండే ఉంటుంది. లేకుండానే పట్టుకున్నాను.

ఏదుపంది పోయి గుట్ట వచ్చింది. చక్కటి గుట్ట. ఎవరికైనా చెప్పాలనిపించింది. అత్తమ్మ నిద్రలో ఉంది. లేపి చెప్పాను. తిట్టింది.

జూలై 20, శుక్రవారం

ఒక గీత వెనక ఇంకో గీత, దాని వెనక ఇంకోటి, అట్లా తెర కింది నుంచి పైదాకా పేర్చాను. ఇప్పుడు గుట్ట ఒక్కటే కాదు, నేలంతా కనబడుతోంది. మిషన్‌కు మాత్రం చాలా భారం. ఒక్కో గీతా గీసి ఆలోచిస్తుంది. అన్నం ఎసట్లో పోసి వస్తే, ఉడికేలోపు ఒక దేశం తయారవుతుంది. నడుమ కరెంటు పోకుంటే.

అత్తమ్మ చాలాసేపు చూసింది. మహమ్మద్‌నగర్‌లో పుట్టి పెరిగిన మనిషి, నేలను ఊరికే చూడలేదు.

"ఈ వాలుకు మేకలు మంచిగ మేస్తయ్. ఈడ మాత్రం ఏం వెయ్యద్దు, వాన పడితే మట్టంత జారిపోతది" అంది తెర మీద వేలు పెట్టి.

జూలై 22, ఆదివారం

మిషన్ ఆపి, టేపురికార్డరు కాసెట్లో దాచుకున్న ప్రోగ్రాం మళ్ళీ పెడితే ప్రతిసారీ అదే నేల వస్తోంది. గుడ్డిగా ఎత్తుకుంటుందనుకున్నాను గాని ఒకటే వరసలో ఎత్తుకుంటోంది. పుస్తకంలో చూస్తే, మొదట మనమొక అంకె ఇస్తే వరస మారుతుందని ఉంది. ఒక్కో అంకెకు ఒక్కో దేశం. ఎప్పుడు ఆ అంకె ఇచ్చినా ఆ దేశమే.

వాడలో ఈ సంగతి పాకింది. సీరియల్ అయ్యాక ఎవరూ లేవలేదు. "నాది పెట్టు, నాది పెట్టు" అని అంకెలు చెప్పడం. గంగామణక్కకు నడుమ వెడల్పాటి మైదానం, చుట్టూ గుట్టలు వచ్చాయి.

"చూసిన్రా, పంట భూమి" అని గంగామణక్క ఇంటికి నవ్వుకుంటూ పోయింది. అత్తమ్మకు ఒట్టి బండలు వచ్చాయి. అంకె మార్చమంది. మార్చితే అది ఇంకొకరిదవుతుందన్నాను. పొద్దుమూకే దాకా నాతో ముభావంగా ఉంది.

ఆగస్టు 1, బుధవారం

ఆయన ఉత్తరం మొన్న వచ్చింది. 'బొమ్మ వస్తున్నదా?' అని అడిగాడు. వస్తోందని రాశాను. గుట్టల గురించి రాశాను, అదే రెండు పేజీలు అయింది. చివర 'మీరెప్పుడు వస్తారు' అని రాసి, కొట్టేసి, దాని మీద చిన్న గుట్ట గీశాను. ఇవాళ పోస్టు చేశాను.

ఆగస్టు 3

కువైట్ మీదికి ఇరాక్ సైన్యం వచ్చిందని వార్తల్లో చెప్పారు.

ఆగస్టు 4

వహీద్ ఉండేది ఊరికి దూరంగా. అనుకుంటా.

ఆగస్టు 9, గురువారం

ఇవాళ స్టాంపులు కొనడానికి పోస్టాఫీసుకు వెళ్ళాను. ఉత్తరాలేమీ లేవు. ఉంటాయని వెళ్ళలేదు, స్టాంపుల కోసమే.

ఆగస్టు 11

స్టాంపులు కొన్నాను.

ఆగస్టు 13, సోమవారం

కామారెడ్డి వెళ్ళి వచ్చాం, నేనూ అత్తమ్మా. ఎస్టీడీ బూతు అబ్రాహామన్న వేలు నొప్పి పుట్టేదాకా నంబరు తిప్పాడు. "అమ్మా, ఆ దేశపు లైనే దొరుకుతలేదు" అన్నాడు. అత్తమ్మ రిసీవర్ తీసుకొని చెవికి పెట్టుకుంది.

"సముద్రం లెక్క సప్పుడైతున్నది" అంది. చాలాసేపు విన్నది. వెనక వరసలో నిలబడ్డవాళ్ళు ఆగారు.

బస్సులో వస్తూ, "మళ్ళ రేపొచ్చి విందామా?" అంది.

ఆగస్టు 16

టీవీలో రోజూ అదే మాట. టాంకులు, పటాలు, బాణం గుర్తులు. ఇవాళ వార్తలు మొదలు కాగానే అత్తమ్మ లేచి కట్టేసింది.

"ఇవి వద్దు. నీ గుట్టలు పెట్టు."

పెట్టాను. ఇద్దరం చూశాం. నాకేం భయంగా లేదు. వెనక గీతలు ముందు గీతల మీద నుంచి కనబడుతున్నాయి, ఆ తప్పు ఎట్లా సరిచేయాలా అని ఆలోచిస్తూ ఉండడం వల్ల నిద్ర పట్టడం లేదు.

ఆగస్టు 21, మంగళవారం

కువైట్‌లో ఉన్నవాళ్ళు బస్సులెక్కి బాగ్దాదు మీదుగా జోర్డాన్ చేరుతున్నారట. అక్కడి నుంచి బొంబాయికి విమానాలు. నడుమ అంతా ఎడారి.

అత్తమ్మ నన్ను పిలిచి పక్కన కూర్చోబెట్టుకుంది. "ఎడారి వస్తదా ఇందుల?"

"నేనెన్నడు చూడలేదు, అమ్మీ."

"గుట్టలు మాత్రం చూసి చేసినవా? అదే చేసుకుంటదంటివి గదా. ఒకటి పెట్టు బిడ్డా. ఎట్లున్నడో అంత దూరం, ఎట్ల నడుస్తున్నడో. జర చూస్త."

చూస్తే ఏమవుతుంది అని నేను అడగలేదు. నాకూ చూడాలనే ఉంది.

ఆగస్టు 23

ఎడారి చేయడం చాలా సులువనుకున్నాను. జరిపే ఎత్తును బాగా తగ్గిస్తే సరి, నేల చదునవుతుంది. తగ్గించాను. వచ్చింది చూసి అత్తమ్మ, "ఇవి నిజాంసాగర్ కాలువ కింది మళ్ళు గదనే" అంది. నిజమే. నాట్లు వేయడమే తక్కువ.

కొంచెం పెంచాను. పోచారం గుట్టలు వచ్చాయి. మళ్ళీ తగ్గించాను. మళ్ళీ మళ్ళు. ఏం చేసినా మిషన్ మన చుట్టుపక్కలే తిరుగుతోంది.

ఆగస్టు 27, సోమవారం

పెద్ద ఎగుడుదిగుళ్ళు ఉంచి, సన్నవి తీసేశాను. గరుకు పోయి, నున్నటి దిబ్బలు వచ్చాయి. తెరకు పసుపు రంగు వేశాను. ఇద్దరం ఒక్కసారే "హా!" అన్నాం. పక్కింటి నుంచి గంగామణక్క ఏమైందో అని పరుగెత్తుకొచ్చింది.

"ఇంత ఇసుకనా?" అని మూతి మీద కొంగు పెట్టుకుంది. "చెట్టు లేదు, పుట్ట లేదు. ఆ పిల్లగాడు యాడ కూసుంటడే నీడకు?"

అత్తమ్మ ముఖం మారిపోయింది. అప్పటిదాకా ఆమె దిబ్బల్నే చూసింది, నీడ సంగతి తట్టలేదు. గంగామణక్క వెళ్ళిపోయాక మెల్లగా అడిగింది.

"నీళ్ళు పెట్టరాదు, రఫియా. అక్కడక్కడ. ఎక్కువ వద్దు, తాగేటన్ని."

ఆగస్టు 28

నీళ్ళ ఉపాయం దొరికింది. ఒక మట్టం అనుకోవాలి. నేల దానికంటే కిందికి పోయిన చోటల్లా నీలిరంగు వేసుకుంటూ పోవాలి. గుంతలన్నీ వాటంతట అవే చెరువులవుతాయి. మనం ఎక్కడా చేయి పెట్టే పని లేదు. రేపు చేస్తాను.

ఆగస్టు 29

ఇవాళ ఏమీ రాయను.

ఆగస్టు 31, శుక్రవారం

రాస్తాను.

మొన్న ప్రోగ్రాంలో ఒక గుర్తు తిరగేసి కొట్టాను. మట్టం కంటే కింద ఉంటే నీళ్ళు అనడానికి బదులు, పైన ఉంటే నీళ్ళు అని. చూసుకోలేదు. అత్తమ్మ దగ్గరగా కూర్చుంది, ఒళ్ళో చిక్కుళ్ళు ఒలుచుకుంటూ. గీతలు పడడం మొదలైంది. నీలం. తర్వాత గీతా నీలం. దిబ్బలన్నీ ఒక్కొక్కటే నీళ్ళయిపోతున్నాయి. ఆపుదామంటే ఏ మీట నొక్కాలో నాకు తోచలేదు.

చిక్కుళ్ళు కింద పడ్డాయి. "నా కొడుకును ముంచితివి గదనే!" అని అరిచింది అత్తమ్మ.

"తప్పు పడ్డది అమ్మీ, ఒక్క గుర్తే..."

"నీకు ఆటయ్యింది. నాకు ఒక్కడే కొడుకు!"

"నాకు మాత్రం ఇద్దరు మొగళ్ళున్నరా?" అన్నాను.

అంత గట్టిగా నేను ఆ ఇంట్లో ఎప్పుడూ మాట్లాడలేదు. అత్తమ్మ నోరు తెరిచి అట్లాగే చూసింది. నేను కూడా అట్లాగే చూశాను. ముందు ఆమె పెదవి కదిలింది, ఏడుస్తుందనుకున్నాను. నవ్వింది. "ఇద్దరు మొగళ్ళంట..." అని నవ్వుతూ నవ్వుతూ ఏడ్చింది. నేనూ అదే పని చేశాను, ముందు ఏడ్చి తర్వాత నవ్వాను. వెనక మిషన్ తన పని తాను చేసుకుపోతూ తెరంతా ముంచేసింది.

చిక్కుళ్ళు ఇద్దరం కలిసి ఏరాం. ఆమె అడిగింది, "ఆడు నీకు యాదికి వస్తడా? ముఖం?" వస్తుందన్నాను.

నిన్న ఆ గుర్తు సరిచేశాను.

సెప్టెంబర్ 3

ఎడారిలో నీళ్ళు నిలబడ్డాయి. దిబ్బల నడుమ చిన్న చిన్న నీలం మరకలు. అత్తమ్మ ఒక్కో మరకనూ వేలితో ముట్టుకుంటూ లెక్కపెట్టింది. చాలనుకుంటా అంది. మళ్ళీ ఆలోచించి, "ఇంకొకటి ఈ మూలకు" అంది. అట్లా నేను పెట్టలేను, పడ్డచోట పడాల్సిందే అన్నాను. మట్టం కొంచెం పెంచాను. ఆ మూలకూ పడ్డాయి.

స్టాంపులు కొన్నాను.

సెప్టెంబర్ 9, ఆదివారం

మహమ్మద్‌నగర్ సత్తార్ భాయ్ తిరిగొచ్చాడని తెలిసి వెళ్ళాం. వహీద్ పనిచేసే దుకాణంలోనే డ్రైవరు. మనిషి సగమయ్యాడు. చెప్పులు లేవు, కాళ్ళకు గుడ్డలు చుట్టుకున్నాడు.

"వహీద్ నాతోనే బయలెల్లిండు, అమ్మా. బాగ్దాదు దాటినంక మా బస్సు చెడిపాయె. ఎనకొచ్చిన బస్సుల్ల దొరికినోళ్ళు దొరికినట్టు ఎక్కినం. ఆడు ఒకదాంట్ల, నేను ఒకదాంట్ల. సరిహద్దు కాడ మస్తు బస్సులు, మస్తు మంది. నేను మళ్ళ ఆణ్ణి చూడలే."

అత్తమ్మ దువా చదువుకుంటోంది. నేనేమో అడగరాని మాట అడిగాను.

"అక్కడ నేల ఎట్లుంటది, భాయ్? దిబ్బలా, చదునా? నడుమ నీళ్ళ గుంతలు గిట్ల ఉంటయా?"

సత్తార్ భాయ్ నన్ను వింతగా చూశాడు. "నీకు మొగడు కావాల్నా, ఇసుక దిబ్బలు కావాల్నా?"

అక్కడున్న ఆడవాళ్ళందరూ తల తిప్పి చూశారు. తల వంచుకున్నాను. బస్సులో అత్తమ్మ నా చేయి పట్టుకొని, "నీళ్ళు ఉన్నయో లేవో చెప్పనే లేదు, చూసినవా?" అంది.

సెప్టెంబర్ 12

ప్రోగ్రాం దాచుకోవడానికి ఇంకా ఖాళీ కాసెట్లు కావాలి. ఎల్లారెడ్డిలో దొరికేవి నాకు నచ్చవు. కామారెడ్డి వెళ్ళాను. బస్టాండు నుంచి దుకాణానికి పోతూ, దారిలోనే కదా అని రైల్వే స్టేషన్‌లోకి వెళ్ళాను. బొంబాయి నుంచి వచ్చేవాళ్ళు మారి ఎక్కే మన్మాడ్ బండి వచ్చింది. ఎవరెవరో దిగారు.

సెప్టెంబర్ 15

కాసెట్ల కోసం కామారెడ్డి.

సెప్టెంబర్ 18

కామారెడ్డి. ఇవాళ కాసెట్లు కొనడం మరిచిపోయాను. స్టేషన్ దారిలో లేదని, ఎదురు దిక్కున ఉందని అత్తమ్మకు కూడా తెలుసు. పొద్దున టిఫిన్ గిన్నెలో మనిషికి చాలే దానికంటే ఎక్కువ రొట్టెలు పెట్టి ఇచ్చింది.

సెప్టెంబర్ 21, శుక్రవారం

వచ్చాడు! మన్మాడ్ బండికి వచ్చాడు. నేను చూడగానే గుర్తుపట్టాను.

సెప్టెంబర్ 22

నిద్రపోతున్నాడు. ఇల్లంతా జనం. గంగామణక్క అందరినీ బయటే ఆపి, ఆమే చుట్టమైనట్టు జవాబులు చెప్తోంది. అత్తమ్మ మంచం పక్కనే కూర్చొని విసురుతోంది. ఫ్యాన్ తిరుగుతూనే ఉంది, అయినా విసురుతోంది.

సెప్టెంబర్ 23

గుర్తుపట్టిన మాట అబద్ధం.

గడ్డం పెరిగి, ఎవరిదో వదులు చొక్కా వేసుకొని, ప్లాట్‌ఫారం మీద నా ముందు నుంచే పోయాడు. నేను ఆయన వెనక దిగేవాళ్ళను చూస్తున్నాను. నాలుగడుగులు పోయి వెనక్కి తిరిగాడు. "రఫియా?" అని అడిగాడు. అడిగాడు అంతే, పిలవలేదు. ఆయనకు కూడా నమ్మకంగా తెలియలేదు. నేను అవునన్నాను. ఏం చేయాలో తెలియక రొట్టెల గిన్నె చేతికిచ్చాను. అక్కడే నిలబడి తిన్నాడు. నాలుగో రొట్టెకు ముక్కు రుద్దుకున్నాడు. అప్పుడు గుర్తుపట్టాను.

సెప్టెంబర్ 28, శుక్రవారం

వారమైనా పెద్దగా మాట్లాడడు. అరుగు మీద కూర్చుంటాడు. చెప్పమని వాడంతా అడిగి అడిగి ఊరుకుంది.

ఇవాళ అత్తమ్మ ఉండబట్టలేక చేయి పట్టి లోపలికి తెచ్చి టీవీ ముందు కూర్చోబెట్టింది. నేను వద్దని సైగ చేస్తూనే ఉన్నాను. "మేము నిన్ను రోజు చూసుకుంట ఉంటిమి రా. నువ్వు వచ్చిన తొవ్వ అంత చేసింది నీ పెండ్లాం. పెట్టవే."

పెట్టాను. దిబ్బలు పడ్డాయి. నీలం మరకలు కూడా వచ్చాయి.

ఆయన చివరి గీత పడేదాకా చూశాడు.

"గిట్ల లేదు" అన్నాడు.

అత్తమ్మ, "నీళ్ళు లేవా?" అంది.

"నీళ్ళు కాదమ్మీ. నేను ఇసుకే చూడలే. యాడ చూసినా మనుషులే. ముందటోని వీపు, ఎనకటోని ఊపిరి. ఒకల మీద ఒకలం నడిచినం. క్యాంపుల పండుకుంటే పక్కోని మోచేయి నా కడుపుల. రొట్టె లారీ వస్తే చేతులే చేతులు. నేల ఎట్లుందో నాకేం ఎరుక?"

వచ్చాక ఆయన అన్ని మాటలు మాట్లాడడం అదే మొదటిసారి. అత్తమ్మ కొడుకు తల మీద చేయి వేసింది. నేను మిషన్ ఆపేశాను. నెలంతా చేసిన ఎడారి ఒక్క మీటతో తెర మీద నుంచి పోయింది. ఏడుపు రావాలి గాని రాలేదు. ఆయన చెప్తున్నది వినాలనిపించింది.

అక్టోబర్ 2, మంగళవారం

ఇవాళ మధ్యాహ్నం నేను మామూలు గుట్టలు గీయిస్తుంటే వచ్చి పక్కన కూర్చున్నాడు. కొంచెం దూరంగానే. ఎట్లా చేస్తావని అడిగాడు. నడిమి చుక్క సంగతి చెప్పాను. నన్నూ కొట్టనియ్యమన్నాడు. తన పేరు కొట్టాడు. 'సింటాక్స్ ఎర్రర్' అంది.

"ఏమన్నది?"

"మీరు తప్పంట."

ముక్కు రుద్దుకున్నాడు. తర్వాత నిజంగానే నవ్వాడు. అంత పెద్దగా నవ్వుతాడని నాకు తెలియదు. ఆ నాలుగు నెలల్లో ఎప్పుడూ నవ్వలేదో, నేను మరిచిపోయానో. గోదాములో ఇట్లాంటివి ఎన్నో మోశాడట గాని ఒక్కటీ పెట్టి చూడలేదట. మళ్ళీ వెళ్తారా అని అడిగాను, ఈసారి కొట్టేయకుండా. "ఇప్పుడైతే యాడికి పోను" అన్నాడు. ఇప్పుడైతే.

అక్టోబర్ 6, శనివారం

"నీ దేశంల అన్ని ఉన్నయి. మనుషులు లేరు" అన్నాడు నిన్న. "పెట్టరాదా?"

మనుషుల్ని గీయడం నా చేత కాదు, ఒక్కో మనిషికి ఒక్కో చుక్క మాత్రం పెట్టగలనన్నాను.

"చుక్క చాలు. కానీ మస్తుమంది వద్దు."

రాత్రంతా ఆలోచించి పొద్దున ప్రోగ్రాంలో నాలుగు వరసలు కొత్తగా చేర్చాను. మధ్యాహ్నం ముగ్గురం కూర్చున్నాం. కొత్త అంకె ఆయన చెప్పాడు. ఒక గుట్ట, దాని కింద వాలు, వాలు చివర మైదానం వచ్చాయి. అత్తమ్మ భూమి పరీక్ష చేసి సరే అంది. తర్వాత తెల్ల చుక్కలు పడ్డాయి. మైదానం అంచున రెండు, పక్కపక్కనే. ఒకటి దూరంగా గుట్ట మీద.

"ఎవలు ఏది ఇందుల?" అని అత్తమ్మ కళ్ళజోడు సర్దుకుంది. మేమిద్దరం నోరు విప్పకముందే వేలు గుట్ట మీద పెట్టింది. "ఇది నేను."

"గంత పైకి ఎందుకమ్మీ?" అన్నాడు వహీద్.

"గాలి మంచిగ వస్తది. మీ ముచ్చట్లు వినుకుంట ఈడ కూసుంటనా? నాకు మేకలున్నయి" అని లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఆయన ఆ రెండు చుక్కల వైపే చూస్తూ, "మంచిగ పడ్డయి. ఇంత పెద్ద దేశంల పక్కపక్కన పడ్డయి చూడు" అన్నాడు. దూరంగా కూర్చున్నవాడు కొంచెం ఇటు జరిగాడు.

అవును, అట్లా పడడం అరుదు అన్నాను.

గుట్ట మీది చుక్కను మిషనే గుడ్డిగా ఎత్తుకుంది. కింది రెండింటినీ నేను పెట్టాను.